పిచ్చుకకు అమ్మిన మిషన్

కుట్టుగది, కిటికీ పక్క బల్ల

వదినకు,

మనిషి బుద్ధి తెలియాలంటే కలిసి ప్రయాణం చేయాలంటారు. వట్టిమాట. ఒక పాత బీరువా అమ్మి చూడాలి.

నిన్న మేడమీదాయన వచ్చాడు. నాకు జ్వరమొస్తే అడక్కుండానే మందులు తెచ్చిపెట్టిన మనిషి. వచ్చి బీరువా తలుపు తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని అడుగున టార్చిలైటు వేసి చూశాడు. "చెద పట్టిందేమోనని" అన్నాడు. "ఇనప బీరువాకి చెదలేంటండీ?" అన్నాను. "అదే, తుప్పు" అన్నాడు. పొద్దున మొదలుపెట్టినవాడు భోజనాల వేళ దాకా కదల్లేదు. చివరికి నేను చెప్పిన దాంట్లో సగం చెప్పి, "మనలో మనకి బేరాలేంటమ్మా" అన్నాడు!  ఇచ్చేశాను. ఇవ్వక ఏం చేయను?

అన్నయ్య చెప్పే ఉంటాడు, మీ తమ్ముడికి రేవు పట్నంలో ఉద్యోగం ఖాయమైంది. కొత్తగా కట్టిన గిడ్డంగికి స్టోర్ కీపరు. ఉద్యోగం ఇప్పిస్తున్న పెద్దమనిషి ఇల్లు కూడా ఇప్పిస్తానన్నాడు, మంచం దగ్గర్నుంచి గరిటె దాకా అన్నీ అందులోనే ఉంటాయట. ఈయన ఇక్కడి గోడౌనులో లెక్కలు రాసే పనికి రాజీనామా ఇచ్చి వచ్చాడు. నన్ను కూడా ఇక కుట్టొద్దంటున్నాడు. "నీ నడుం అరిగింది చాలు, ఇక కాళ్లు చాపుకుని కూర్చో" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి ఇన్నేళ్లు పట్టింది గాని, విన్నాక కళ్లు చెమ్మగిల్లాయి సుమా.

అందుకే అన్నీ అమ్మేస్తున్నాం. బల్లలు, మంచాలు, గిన్నెలు ఒక ఎత్తు, నా కుట్టుమిషన్ ఒక ఎత్తు. అది మామూలు మిషన్ కాదని నీకు తెలుసు. ఒకసారి దారికొచ్చిందంటే కోటు బట్టనైనా వెన్నలా కుట్టేస్తుంది. నా చేతి సంపాదనతో కొన్న మొదటి వస్తువు అదే. దాన్ని పిచ్చుక అడుగుతోంది. వీధి చివర లాండ్రీలో ఇస్త్రీ చేసే పిల్ల, కాలు ఒకచోట నిలవదని నేనే ఆ పేరు పెట్టాను. పని దిగగానే వచ్చి నా పక్కన ముక్కాలిపీట వేసుకుని కుట్టంతా నేర్చుకుంది. తోడబుట్టకపోయినా చెల్లెలే.

దాని దగ్గర ఎంత తీసుకోవాలి వదినా? ఊరికే ఇస్తే తీసుకోదు. సంతలో ధర చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. రోజూ పాత సామాన్లకి ధర చీటీలు కట్టేదానివి, నువ్వే చెప్పాలి.

నీ మరదలు

*

పాత సామాన్ల దుకాణం, విరిగిన కుర్చీల మధ్య

మరదలా,

మేడమీదాయన గురించి చదివి మీ అన్నయ్య నవ్విన నవ్వుకి మా పిల్లి బల్ల కిందికి దూరింది. నాకు నవ్వు రాలేదు. ఆయన బేరమాడి కొన్నాడు, నువ్వు తిట్టుకుంటూ అమ్మావు. ఆ లెక్క అక్కడితో సరి. నాకు భయమంతా పిచ్చుకతోనే.

మా దుకాణంలో రోజూ చూస్తాను. ముక్కూమొహం తెలియనివాళ్లు అరుచుకుని, ధర తెంపుకుని, హాయిగా వెళ్లిపోతారు. స్నేహితులు అమ్ముకున్న వస్తువులే గొడవగా తిరిగొస్తాయి. ఇచ్చినవాళ్లు "దయ తలిచాను" అనుకుంటారు, పుచ్చుకున్నవాళ్లు "డబ్బిచ్చి కొన్నాను" అనుకుంటారు. ఇద్దరూ అబద్ధం ఆడరు. అదే తంటా.

అందుకని నా మాట విను. బయటివాడైతే ఎంతిస్తాడో ముందు కనుక్కో. నీ మిషన్ సంగతి మా యజమానిని అడిగాను, కొత్తదాని ధరలో సగానికి పైనే పలుకుతుందట. అందులోంచి నువ్వు రేపు తలుచుకున్నా బాధపడనంత వదులు. అంతకుమించి వదిలావో, ఆ వదిలింది ఏదో ఒకరోజు నోట్లోంచి బయటికొస్తుంది. లోపాలు ముందు చెప్పు, ధర తరవాత చెప్పు. చెప్పాక ఆ పిల్లని బేరమాడనీ. ఆ పిల్ల నోరు మూయించి ఔదార్యం చూపించకు.

తమ్ముడికి ఉద్యోగం దొరికినందుకు సంతోషం. ఆ పెద్దమనిషి ఎవరో, ఏ కంపెనీయో రాయలేదు. మీ అన్నయ్య అడుగుతున్నాడు.

నీ వదిన

*

కుట్టుగది, ఇప్పుడు వట్టి గది

వదినకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. మిషన్ మంచి ధరకే పోయింది, ఇక దాని గురించి అడక్కు.

లోపాలు ముందే చెప్పాను. మందపు బట్ట పెడితే మొదట్లో కుట్టు దాటేస్తుందని, చక్రాన్ని చేత్తో ఒకసారి తిప్పి వదిలితే దారికొస్తుందని చెప్పాను. "ఇన్నేళ్లు పక్కనే కూర్చున్నాను, నాకు తెలీదా అక్కా?" అని నవ్వింది. తరవాత ధర చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "ఏంటక్కా ఆ ధర?" అంది. "ఒకటే మాట. పెంచేది లేదు, తగ్గించేది లేదు. ఇంకో మాట మాట్లాడావంటే మేడమీదాయనకి ఇచ్చేస్తాను" అన్నాను. చాలాసేపు మిషన్ మీద చెయ్యి వేసుకుని నిలబడింది.  అది మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, వదినా.

గోడకి వేలాడదీసిన కొలతల అట్టలన్నీ దానికే ఇచ్చేశాను. నా దగ్గర కుట్టించుకునే వాళ్లందరికీ ఇక దాని దగ్గరికి వెళ్లమని చెప్పాను. అది లాండ్రీ మానేసి, మందుల షాపు పక్కన చిన్న గది అద్దెకి తీసుకుని కూర్చుంది. నిన్న అటు వెళ్తుంటే నా మిషన్ చప్పుడు వినిపించింది. కాళ్లు వాటంతటవే ఆగాయి. బాగుంది. నిజంగా బాగుంది.

కంపెనీ పేరు ఈయన్ని అడిగాను. "అక్కడికెళ్లాక తెలుస్తుందిలే" అన్నాడు. ఆ పెద్దమనిషి మాత్రం చాలా మర్యాదస్తుడు, కాళ్లకున్న బూట్లు అద్దంలా మెరుస్తుంటాయి. లారీ మాట్లాడేశాం. వచ్చే వారమే ప్రయాణం. ఇకనుంచి ఉత్తరాలు కొత్త చిరునామాకి.

నీ మరదలు

*

పాత సామాన్ల దుకాణం

మరదలా,

"మంచి ధరకే" అన్నావు. "అడక్కు" అన్నావు. ఈ రెండు మాటలూ పక్కపక్కన ఇమడవు. పోనీలే, అడగను.

పిచ్చుక నాకు దుకాణానికి ఫోన్ చేసింది. ఏం మాట్లాడిందో నీతో అనొద్దంది, అందుకని అనను. ఒక్కటి మాత్రం చెప్తాను. నీ దగ్గర కుట్టు ఒక్కటే నేర్చుకోలేదు ఆ పిల్ల, ఎక్కడో మర్యాద కూడా నేర్చుకుంది.

క్షేమంగా వెళ్లండి. చేరగానే రెండు ముక్కలు రాయి. మీ అన్నయ్య ఎందుకో ఊరికే గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

నీ వదిన

*

పాత ఇల్లే, వంటగది నేల

వదినా,

ఈ ఉత్తరం ఎక్కణ్ణుంచో చూశావు కదా. మేం వెళ్లలేదు.

లారీ వాకిట్లో ఆగి ఉంది. పెట్టెలు ఎక్కించాం. తాళంచెవులూ ఉద్యోగం కాగితాలూ తెచ్చిస్తానన్న పెద్దమనిషి పొద్దున్నే రావాలి. రాలేదు. మధ్యాహ్నమైంది. లారీ డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. ఈయన ఆయన బస చేసిన హోటలుకి పరిగెత్తాడు. గది ఖాళీ చేసి ముందురోజే వెళ్లిపోయాడట. అక్కడ కౌంటర్లో అమ్మాయి, "మీరు కూడానా?" అందట. అప్పటికే ఆయన కోసం వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుని ఉన్నారట, అందరూ మాలాగే మూటాముల్లే సర్దుకున్నవాళ్లు. రేవులో పనిచేసే వాళ్లెవరికో హోటలు నుంచి ఫోన్ చేయించారు. ఆ పేరుతో అక్కడ గిడ్డంగే లేదు వదినా. కట్టడం కాదు, పునాది కూడా లేదట.

మీ తమ్ముడు తిరిగొచ్చి వాకిట్లో లారీ చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. నేను ఏం చేశానో తెలుసా? పెట్టెలు దించాను. ఒక్కొక్కటే లోపలికి మోసి, ఏది ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. పెట్టడానికి బల్ల లేదు, బీరువా లేదు. ఇంట్లో దగ్గితే నాలుగు గోడలూ తిరిగి దగ్గుతున్నాయి. ఏడుపు రావడం లేదు, అదే నాకు భయంగా ఉంది. చెంప మీద కొట్టినప్పుడు నొప్పికంటే ముందు ఒక మొద్దుతనం వస్తుంది చూడు, అందులోనే ఉన్నాను ఇంకా.

సాయంత్రం మెట్ల మీద చప్పుడైతే చూశాను. మేడమీదాయన, ఆయన తమ్ముడు కలిసి బీరువా దింపుకొస్తున్నారు! "వచ్చిన దారిన పోతుందమ్మా" అన్నాడు. ఇచ్చిన డబ్బు పట్టుకొచ్చి చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకున్నాడు. తలుపులకి నూనె రాయించాడు, అందుకు అదనంగా అడుగుతాడనుకున్నాను, అడగలేదు. "కింది అరలో తుప్పు నిజంగానే ఉంది, గీకించాను" అని మాత్రం అన్నాడు. 

ఈయన పాత పనికి తీసుకుంటారో లేదో తెలియదు. కానీ నా చేతులు ఉన్నాయి కదా. రేపు పొద్దున్నే పిచ్చుక దగ్గరికి వెళ్లి మిషన్ తెచ్చుకుంటాను. తీసుకున్న డబ్బు అలాగే దాచాను. పరాయిది కాదుగా, విన్న మరుక్షణం అదే మోసుకొస్తుంది.

నీ మరదలు

*

పాత ఇల్లు

వదినా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

ఇవ్వనంది.

పిచ్చుక. నా పిచ్చుక. మిషన్ ఇవ్వనంది.

ఎలా జరిగిందో చెప్తాను, నువ్వే తీర్పు చెప్పు. ఈయన్ని కూడా తీసుకెళ్లాను, మోయడానికి మనిషి కావాలి కదా. షాపులో ఇద్దరు ఆడవాళ్లు జాకెట్లకి కొలతలు ఇవ్వడానికి కూర్చుని ఉన్నారు, ఇద్దరూ మొన్నటిదాకా నా దగ్గరికి వచ్చినవాళ్లే. నన్ను చూడగానే పిచ్చుక లేచి వచ్చి కావలించుకుంది. విషయం వీధంతా అప్పటికే పాకిపోయింది. "ఏం కాదక్కా, ఏం కాదు" అంది. అంతవరకు బాగానే ఉంది. నేను డబ్బు కవరు బల్ల మీద పెట్టి, "మిషన్ తీసుకెళ్తానే" అన్నాను.

కవరు తెరిచి చూసింది. చూసి, "అంతేనా అక్కా?" అంది.

అంతేనా! నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. "అంతే కదే నువ్విచ్చింది?" అన్నాను. దాని మొహం పాలిపోయింది. నా భుజం మీదుగా వాకిలి వైపు చూసింది. తిరిగి చూస్తే ఈయన అక్కడ లేడు. రోడ్డు దాటి అవతల గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, అవమానం భరించలేక కాబోలు. పిచ్చుక కవరు మూసి నా వైపు జరిపి, "మిషన్ ఇవ్వలేనక్కా. లాండ్రీ మానేశాను, గదికి అడ్వాన్సు కట్టాను. రోజూ రా, ఇక్కడే కూర్చుని కుట్టు. కుట్టినదానికి నీ కూలి నువ్వు తీసుకో. మిషన్ మాత్రం నాది" అంది.

నా మిషన్ మీద నేను కూలికి కుట్టాలట!

ఇప్పుడు నీకు నిజం చెప్పాలి. మంచి ధర అని రాశాను కదా, కాదు. ఉత్త మోటారు అమ్మినా అంతకంటే ఎక్కువే వచ్చేది. నువ్వు కోప్పడతావని దాచాను. అది కష్టపడే పిల్ల, నిలదొక్కుకోనీ అనుకున్నాను. ఆ మంచితనం అంతా ఆ క్షణంలో విషమై నోట్లోకి వచ్చింది. "పప్పుబెల్లాలకి నా మిషన్ కొట్టేశావు, నా గిరాకీ కొట్టేశావు, నా అట్టలు కొట్టేశావు, ఇప్పుడు 'అంతేనా' అంటావా? నీకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఎవరే?" అని అరిచాను. జాకెట్ల వాళ్లు లేచి నిలబడ్డారు. మందుల షాపు ఆయన బయటికొచ్చాడు. ఇంకా ఏవేవో అన్నాను, రాయలేను.

అది కూర్చుని, బట్టని సూది కింద పెట్టి, కుట్టుకుంటూ పోయింది. నా ఎదురుగా! నా మిషన్ మీద!

మనిషి ఇలా మారిపోతుందా వదినా?  నువ్వు దానికి ఫోన్ చేసి నాలుగు చివాట్లు పెట్టు. నీ మాటంటే దానికి గౌరవం.

నీ మరదలు

*

మా ఇల్లు. దుకాణానికి వెళ్లలేదు

మరదలా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మొదటిది చదివి ఏడ్చాను. రెండోది చదివి వెంటనే ఇది రాస్తున్నాను. కూర్చుని చదువు. తమ్ముడు ఇంట్లో ఉంటే ముందు చదివేసి తరవాత పిలువు.

పిచ్చుక ఆ రోజు నాకు ఫోన్ చేసి ఏమందో ఇప్పుడు చెప్పక తప్పదు. "వదినగారూ, అక్క మిషన్‌కి మరీ తక్కువ చెప్పింది. నోరు తెరవనివ్వడం లేదు. అసలు ధర ఎంతుంటుందో మీరు చెప్పండి" అంది. చెప్పాను. "నా దగ్గర ఉంది, కూడబెట్టుకున్నాను. మిగతాది ఎలా ఇవ్వను? చేతిలో పెడితే విసిరికొడుతుంది" అంది. నేనే, ఈ తెలివైన వదినే, సలహా చెప్పాను. "తమ్ముడి చేతికి ఇచ్చెయ్యమ్మా. కొత్త ఊళ్లో ఖర్చులుంటాయి. నిదానంగా ఆయనే చెప్తాడు" అన్నాను.

మర్నాడు మళ్లీ ఫోన్ చేసింది. ఇచ్చేశానంది. మొత్తం, నేను చెప్పిన ధర మొత్తం, ఒక్క పైసా తగ్గించకుండా. గొంతులో ఎంత సంతోషమో.

నీకు తెలుసనే ఆ పిల్ల అనుకుంటోంది. తెలిసినా మర్యాద కోసం ఎత్తడం లేదనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు ఆ కవరు తెరిచినప్పుడు దానికి ఏమనిపించి ఉంటుందో ఆలోచించు. నిండు ధర కట్టి కొన్న మిషన్‌కి, అందులో చిన్న ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, తీసుకెళ్తానన్నావు. "అంతేనా" అనక ఇంకేమంటుంది?

రోడ్డు అవతల గోడ వైపు తిరిగి నిలబడ్డాడన్నావే, అది అవమానం కాదు మరదలా. తమ్ముణ్ణి అడుగు, ఆ డబ్బు ఏమైందని.

నేనిచ్చిన సలహాకి నన్ను ఎంత తిట్టినా పడతాను. ముందు అడుగు.

నీ వదిన

*

పాత ఇల్లు, వాకిలి మెట్టు

వదినా,

అడిగాను.

కిటికీ దగ్గర కూర్చుని పాత చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడు. నన్ను అడగడానికి మొహం చెల్లక తనే కుట్టుకుంటున్నాడు. "పిచ్చుక మీకు డబ్బిచ్చిందా?" అన్నాను. సూది వేలికి గుచ్చుకుంది. రక్తం చుక్క చూస్తూ, "ఇచ్చింది" అన్నాడు.

"ఏదీ?"

"ఆయన డిపాజిట్ కట్టమన్నాడు. స్టోరు ఉద్యోగం కదా, లక్షల సరుకు చేతిలో ఉంటుంది, నమ్మకం కోసం కట్టాలన్నాడు. మన దగ్గర అంత లేదు. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల వచ్చి చేతిలో పెట్టింది. దేవుడే పంపాడనుకున్నాను. మొదటి జీతం రాగానే నీకు చెప్పేద్దామనుకున్నాను."

"మొన్న షాపులో దాన్ని నేను అన్ని మాటలంటుంటే?"

"కాళ్లు రాలేదు" అన్నాడు. అంతే. "నోరు రాలేదు" అన్లేదు, "కాళ్లు రాలేదు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు గాని, నిజమే చెప్పాడనిపించింది.

నేను అరవలేదు. ఉన్న అరుపులన్నీ అరవకూడని చోట అరిచి వచ్చాను కదా. లేచి చెప్పులేసుకుని పిచ్చుక దగ్గరికి వెళ్లాను. దారిలో మందుల షాపు ఆయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ఆ తల తిప్పడం నాకే అని తెలిసి కూడా నడిచాను.

షాపులో ఎవరూ లేరు. గుమ్మంలోనే నిలబడి, "నాకు తెలీదే. నిజంగా తెలీదు. ఇవాళే తెలిసింది" అన్నాను. మిషన్ ఆపలేదు. కుడుతున్న గీత చివరికంటా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

"నీకు తెలీదని ఆ రోజే తెలిసిందక్కా. బావగారు రోడ్డు దాటినప్పుడే తెలిసింది" అంది.

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"ఎవరి ముందు? జాకెట్ల వాళ్ల ముందు మీ ఆయన్ని దొంగని చేయమంటావా?"

వదినా, నేను అందరి ముందూ దాన్ని దొంగని చేస్తుంటే, అది నా సంసారం పరువు కాపాడుతూ కుట్టుకుంటూ కూర్చుందన్నమాట.

తరవాత అంది కదా, మెల్లగా, కోపం లేకుండా. కోపంగా అంటే బాగుండేది. "నువ్వు ఆ ధర చెప్పినప్పుడు నాకు సంతోషం వేయలేదక్కా, భయం వేసింది. అంత తక్కువకి తీసుకుంటే, మిగతాది ఎప్పుడో ఒకరోజు నువ్వు అడుగుతావు, డబ్బుగా కాదు, మాటగా. ఆ మాట పడకూడదనే మొత్తం కట్టేశాను. లాండ్రీలో వేళ్లు కాల్చుకుని దాచిందంతా కట్టేశాను. కట్టి కూడా పడ్డాను."

 క్షమించమన్నాను. "సరే" అంది. ఆ "సరే" ఎలా ఉందంటే, గిరాకీ వచ్చి గురువారానికి కావాలంటే అంటాం చూడు, అలా ఉంది. నేను వచ్చేశాను.

నిన్ను తిట్టను. ఎవర్నని తిట్టను?

నీ మరదలు

*

పాత సామాన్ల దుకాణం

మరదలా,

రోజూ వెళ్లి ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఏడవకు. క్షమాపణ ఒకసారి చెప్తే దానికోసం, పదిసార్లు చెప్తే మనకోసం. దానికి పని ఉంది, చేసుకోనీ.

తమ్ముడి సంగతి మీ అన్నయ్యకి చెప్పాను. విని, "నన్నడిగితే నేనిచ్చేవాణ్ణి కదా" అన్నాడు. "నిన్నడగలేకే ఇదంతా" అన్నాను. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇమ్మని చెప్పు, ఆ మెట్ల మీద కూర్చున్న వాళ్లందరితో కలిసి ఇవ్వమను. డబ్బు వస్తుందని కాదు. తనొక్కడే మూర్ఖుణ్ణనుకుని కుమిలిపోకుండా ఉంటాడు.

మా దుకాణానికి ఒక మిషన్ వచ్చింది. నీదంత మంచిది కాదు, చప్పుడెక్కువ, పెడల్ వదులు. మీ అన్నయ్య ఊరికే పంపించమంటున్నాడు. పంపను. దాని ధర చీటీ మీద నేనే రాశాను, బయటివాళ్లకి ఎంతో నీకూ అంతే. నెలనెలా ఇవ్వు. ఎందుకలా అంటున్నానో నీకు ఇప్పుడు విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

నీ వదిన

*

ఆసుపత్రి, బట్టల గది

వదినకు,

ఆలస్యమైంది, కోపం తెచ్చుకోకు. మిషన్ చేరింది. నువ్వన్నదానికంటే చప్పుడు ఎక్కువే చేస్తోంది, ధర తగ్గించమని అడుగుదామనుకుని ఊరుకున్నాను. ఇంట్లో పని ఇంకా కుదురుకోలేదు. అందుకని పగలు ఇక్కడ, ఆసుపత్రి బట్టల గదిలో చేరాను. చిరిగిన దుప్పట్లు, పిగిలిన గౌన్లు, వాళ్ల మిషన్ల మీదే కుడుతున్నాం. గదినిండా మందు వాసన, ఆవిరి. పని సులువు, జీతం నెల తిరిగేసరికి చేతిలో పడుతోంది.

మీ తమ్ముణ్ణి పాత గోడౌనులోకే తీసుకున్నారు, కానీ బల్ల దగ్గర కాదు, మోత పని దగ్గర. వెళ్తున్నాడు. భుజం కాయ కాసింది. ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు. మొదటి జీతం తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇందులో ఏదీ దాచలేదు" అన్నాడు. అడగలేదు నేను. అడక్కుండానే చెప్పాల్సి రావడం ఆయనకి శిక్ష, వినాల్సి రావడం నాకు శిక్ష. మాట్లాడుకుంటున్నాం. అంతవరకు వచ్చాం.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం బట్టల గది తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారని పక్కామె చెబితే తలెత్తాను. పిచ్చుక. చేతిలో పెద్ద కోటు.  ఇన్నాళ్లూ వీధిలో ఎదురుపడితే తలూపి వెళ్లిపోయేది, నేనూ తలూపేదాన్ని.

లోపలికొచ్చి కోటు నా బల్ల మీద పరిచింది. "భుజాల దగ్గర చేతులు రెండూ సరిగ్గా కూర్చోవడం లేదు. విప్పాను, కుట్టాను, మళ్లీ విప్పాను. నావల్ల కావడం లేదు. ఎంత తీసుకుంటావు?" అంది. అక్కా అని పిలవలేదు.

"డబ్బేమీ వద్దులే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చింది వదినా, ఒట్టు. పళ్లు బిగించి లోపలికి తోసేశాను. తోసేసి, పూర్తి కూలి చెప్పాను. బయట ఏ కోటు పనివాడైనా అడిగేంత.

పిచ్చుక కళ్లు పెద్దవి చేసింది. ఇంతటితో ఇదీ అయిపోయింది అనుకున్నాను.

"అంతా! రెండు చేతులకి అంతా? ఈ లెక్కన కోటు మొత్తం కుట్టిస్తే ఇల్లు రాసివ్వాలి!" అంది.

బేరం, వదినా! నాతో బేరమాడుతోంది!

"కొత్తది కుట్టడం తేలిక. ఒకరు రెండుసార్లు విప్పిన బట్ట కుట్టడమే కష్టం. చూడు, అంచు ఎలా పీచు లేచిపోయిందో" అన్నాను.

"ఆ మాత్రం పీచు లేవని బట్ట చూపించు. సగం తీసుకో."

"సగానికి ఒక చెయ్యి కుడతాను. రెండోది నువ్వు విప్పుకుంటూ కూర్చో."

పక్కామె కుట్టడం ఆపేసింది. దుప్పట్లు మడతపెట్టే ఆయన అలాగే చేతుల్లో దుప్పటి పట్టుకుని నిలబడిపోయాడు. మేం అరుచుకుంటున్నాం. అది మెట్టు దిగింది, నేను మెట్టు దిగాను. అది వెళ్లిపోతానని కోటు ఎత్తింది, నేను పొమ్మన్నాను. గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చింది. "నీ అంత పీనాసిని నేను చూళ్లేదు" అంది. "అద్దం కొనుక్కో" అన్నాను. చివరికి ఇద్దరికీ నచ్చని ధర దగ్గర ఆగాం. సగం ముందే ఇచ్చింది, లెక్కపెట్టి, నా ముందే. నేనూ లెక్కపెట్టుకున్నాను, దాని ముందే.

కోటు మడతపెట్టి పక్కన పెట్టాను. అది గుమ్మం దాటబోతూ ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"శనివారానికల్లా కావాలి, అక్కా."

తలూపాను. అది చూడలేదు గాని ఊపాను. చాలాసేపు ఊపుతూనే ఉన్నానట, పక్కామె చెప్పింది.

నీ మరదలు